పింఛను సరే.. చికిత్స ఏదీ?

ఆటిజం చిన్నారుల తల్లిదండ్రుల ప్రశ్నకు చట్టంలో జవాబుంది.. పద్దులో లేదు

ముస్తాబాద్: మూడేళ్లు నిండినా బిడ్డ ‘అమ్మా’ అని పిలవదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. తోటి పిల్లలతో కలవదు. ఒకే వస్తువును గంటల తరబడి తిప్పుతూ కూర్చుంటుంది. ‘కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయిలే’ అని ఇంట్లోని పెద్దలు ధైర్యం చెబుతారు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కుకుంటారు. ఏడాదో, రెండేళ్లో అలా గడిచిన తర్వాత పట్టణంలో ఓ వైద్యుడి నోట ‘ఆటిజం’ అన్న మాట వింటారు. అప్పటి నుంచి ఆ కుటుంబం ముందు రెండు దారులుంటాయి. ఒకటి ధ్రువపత్రం, పింఛను దారి. కష్టమైనా ఆ దారి ఉంది. రెండోది బిడ్డకు మాట, నడత, తన పని తాను చేసుకోవడం నేర్పించే శిక్షణ దారి. పల్లె కుటుంబాలకు ఆ దారి చాలావరకు నగరంలోని ప్రైవేటు కేంద్రం వైపే సాగుతోంది. అక్కడ ప్రతి సిట్టింగుకూ రుసుము చెల్లించాలి.

ఆ రుసుమును ప్రభుత్వమే భరించాలన్నది ఆటిజం చిన్నారుల తల్లిదండ్రుల కోరిక. ఇది కొత్తగా పుట్టిన కోరిక కాదు. దేశంలో మూడు దశాబ్దాలకు పైగా వినిపిస్తున్నదే. వారి పోరాట ఫలితంగా చట్టాలు వచ్చాయి. ఆటిజం అధికారికంగా వైకల్యాల జాబితాలో చేరింది. అయితే గుర్తింపు వచ్చినంత వేగంగా చికిత్స రాలేదు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల వంటి చోట్ల ఈ అంతరం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

మాత్ర కాదు.. నిత్య సాధన

ఆటిజం అంటురోగం కాదు, పెంపకంలో లోపమూ కాదు. మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల మాట, చూపు, కలివిడితనం, ప్రవర్తన భిన్నంగా ఉండే స్థితి. దీన్ని పూర్తిగా తొలగించే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ప్రవర్తనకు సంబంధించిన శిక్షణ, ఇంట్లో తల్లిదండ్రుల సాధన.. ఇవన్నీ కలిస్తేనే చికిత్స. చిన్న వయసులో మొదలుపెట్టిన కొద్దీ ప్రయోజనం ఎక్కువని వైద్యులు చెబుతారు. ఆరేళ్ల లోపు కాలం అత్యంత విలువైనది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మన ప్రభుత్వ వైద్య వ్యవస్థ ప్రధానంగా రెండు పనులకు అలవాటుపడింది. ఒకటి మందు ఇవ్వడం, రెండోది శస్త్రచికిత్స చేయడం. వారానికి మూడు నాలుగు రోజుల చొప్పున ఏళ్ల తరబడి సాగే శిక్షణకు ఆసుపత్రి చీటీలో గానీ, బిల్లు పద్దులో గానీ సులువుగా చోటు దొరకదు. ఆ ఖాళీలోకి ప్రైవేటు కేంద్రాలు వచ్చాయి. వాటితో పాటు మూలకణాల చికిత్స పేరిట లక్షల రూపాయలు వసూలు చేసేవారూ వచ్చారు. ఆటిజానికి మూలకణ చికిత్సను తాము సిఫార్సు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది. సర్కారు చికిత్స అందుబాటులో లేని చోట ఆశను అమ్ముకునేవారికి గిరాకీ ఉంటుందనడానికి ఇదొక ఉదాహరణ.

ఎంతమంది ఉన్నారు?

ఈ ప్రశ్నకు జిల్లా స్థాయిలో కచ్చితమైన సమాధానం లేదు. 2011 జనగణనలో ఆటిజానికి ప్రత్యేకంగా గడి లేదు. 2021 నాటి పరిస్థితిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంచనా ప్రకారం ప్రపంచంలో ప్రతి 127 మందిలో ఒకరు ఆటిజంతో ఉన్నారు. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లా పరిధిలోని జనాభా సుమారు 5.5 లక్షలు. ఆ నిష్పత్తినే వర్తింపజేస్తే పెద్దలు, పిల్లలు కలిపి నాలుగు వేల మందికి పైగా ఉండాలి. ఇది సర్వే కాదు, కేవలం గుణింపు లెక్క. అయినా సమస్య పదో పాతికో ఇళ్లకు పరిమితమైనది కాదని చెప్పడానికి సరిపోతుంది.

దేశంలోని 5 ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ల మధ్య వయసున్న దాదాపు 4 వేల మంది పిల్లలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఆ ప్రాంతాల్లో హైదరాబాద్ ఒకటి. ఆటిజంతో పాటు వినికిడి, చూపు, మూర్ఛ, బుద్ధిమాంద్యం వంటి నాడీ సంబంధిత ఎదుగుదల లోపాలను అందులో పరిశీలించారు. ప్రతి ఎనిమిది మంది పిల్లల్లో ఇంచుమించు ఒకరికి వీటిలో ఏదో ఒక సమస్య ఉన్నట్లు తేలింది. అంటే ఆటిజం కోసం నియమించే స్పీచ్ థెరపిస్టు ఒక్క ఆటిజం పిల్లలకే కాదు, ఇంకా ఎందరికో ఉపయోగపడతారు.

గుర్తింపు కోసమే పాతికేళ్లు

1991లో ఢిల్లీలో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ సంస్థ ఏర్పడింది. దాన్ని స్థాపించిన మేరీ బారువా స్వయంగా ఆటిజం ఉన్న బాలుడి తల్లి. 1995లో కేంద్రం వికలాంగుల చట్టం తెచ్చినప్పుడు 7 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం వాటిలో లేదు. తల్లిదండ్రుల సంఘాలు పట్టు విడవలేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి సంక్షేమానికి ఉద్దేశించిన చట్టమిది. 18 ఏళ్లు నిండిన తర్వాత చట్టబద్ధ సంరక్షకుడిని నియమించే అధికారం దీని కింద జిల్లా కలెక్టర్ నేతృత్వంలోని స్థానిక కమిటీకి ఉంది. ‘మా తర్వాత మా బిడ్డ ఎవరి నీడన బతకాలి?’ అన్న తల్లిదండ్రుల బెంగకు అది తొలి సమాధానం.

ఆ తర్వాత 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. ఆటిజానికి అందులో చోటు దక్కింది. 2017 ఏప్రిల్ 19 నుంచి ఈ చట్టం అమల్లోకి వచ్చింది. ఆటిజం తీవ్రతను లెక్కించే భారతీయ కొలమానాన్ని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ రూపొందించింది. 40 అంశాలపై మార్కులు వేసి, మొత్తం 70కి చేరితే ఆటిజంగా పరిగణిస్తారు. దేశమంతా వాడుకునే కొలబద్ద మన రాష్ట్రంలోనే తయారైందన్నది గర్వించదగిన విషయం. కొలిచిన తర్వాత ఏం చేయాలన్నదే ఇప్పుడు ప్రశ్న.

చట్టం చెప్పేది ఇదీ..

2016 చట్టంలోని 25వ సెక్షన్‌ను తల్లిదండ్రులంతా తెలుసుకోవాలి. వికలాంగులకు సమీపంలోనే, ముఖ్యంగా గ్రామీణ ప్రాంతాల్లో, ఉచిత వైద్యం అందించేందుకు ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు చర్యలు తీసుకోవాలని అది నిర్దేశిస్తోంది. కుటుంబ ఆదాయ పరిమితిని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పిల్లలందరినీ ఏడాదికి కనీసం ఒకసారి పరీక్షించి, ముప్పు ఉన్నవారిని గుర్తించాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. 24వ సెక్షన్ సమగ్ర బీమా గురించి, 27వ సెక్షన్ పునరావాస సేవల గురించి ప్రస్తావిస్తున్నాయి. 31వ సెక్షన్ 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా పేర్కొంటోంది.

అయితే 24, 27 సెక్షన్లలో ఒక మెలిక ఉంది. ప్రభుత్వాలు తమ ఆర్థిక శక్తి మేరకు ఈ పనులు చేయాలన్నదే ఆ మెలిక. హక్కు ఉన్నట్టే ఉంటుంది, బడ్జెట్ వరకు వచ్చేసరికి సన్నబడుతుంది. 25వ సెక్షన్‌లో ‘సమీపంలో’, ‘గ్రామీణ ప్రాంతాల్లో’ అన్న మాటలు మాత్రం సూటిగా ఉన్నాయి. ముస్తాబాద్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఉన్న సికింద్రాబాద్‌ను ఎవరూ సమీపం అనలేరు.

పథకాలు ఉన్నా..

పథకాలే లేవనడం సరికాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలను ఏడాదికి రెండుసార్లు, పాఠశాలలను ఒకసారి సందర్శించి పిల్లలను పరీక్షించాలి. ఎదుగుదల లోపాలున్న వారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఆ కేంద్రంలో పిల్లల వైద్యుడితో పాటు మానసిక నిపుణుడు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు ఉండాలన్నది పథకం రూపకల్పన. గుర్తించే బృందం ఊరికి వస్తుంది. శిక్షణ ఇచ్చే నిపుణుడి కోసం మాత్రం ఊరే కదిలి వెళ్లాలి. బిడ్డను ఒకసారి చూపించుకు రావడానికి ఆ ఏర్పాటు సరిపోతుంది. వారానికి మూడుసార్లు వెళ్లడానికి సరిపోదు.

నేషనల్ ట్రస్ట్ 2008లో ప్రారంభించిన ‘నిరామయ’ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది. థెరపీలకూ అందులో కొంత కేటాయించారు. కానీ ముందుగా డబ్బు కట్టి, బిల్లులు తెచ్చి, తర్వాత తిరిగి పొందాలి. ముందు కట్టేందుకే చేతిలో లేనివారికి ఈ పద్ధతి ఎంత మేర ఉపయోగపడుతుందో చెప్పనక్కర్లేదు.

రాష్ట్రంలో ఆసరా కింద వికలాంగుల పింఛనును 2019లో 3,016 రూపాయలకు, 2023లో 4,016 రూపాయలకు పెంచారు. పేద కుటుంబానికి ఇది పెద్ద ఆదరువే. అయితే లెక్క వేసి చూద్దాం. ఒక సిట్టింగుకు 500 రూపాయలే అనుకున్నా, వారానికి మూడు చొప్పున నెలకు 12 సిట్టింగులకు 6,000 రూపాయలు అవుతాయి. పింఛను మొత్తం దానికే పెట్టినా చాలదు. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకంతో తల్లికి ఆర్టీసీ బస్సులో టికెట్టు భారం తప్పింది. కానీ పట్నం వెళ్లిన రోజు ఆమె బీడీలు చుట్టలేదు, కూలి రాదు. తండ్రి సాంచాల దగ్గరో, గల్ఫ్‌లోనో ఉంటే బిడ్డను తీసుకెళ్లే మనిషి ఆమె ఒక్కరే. ఈ ప్రాంతంలో చికిత్స ఖర్చు అంటే రుసుము మాత్రమే కాదు, పోయిన కూలి కూడా.

మండల కేంద్రాల్లో విద్యాశాఖ నడిపే ‘భవిత’ కేంద్రాలు మరో ఆధారం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ బోధన, ఫిజియోథెరపీ వంటి సేవలు అందించాలి. ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై తరగతుల్లో 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు చొప్పున ఉండాలన్న నిష్పత్తిని సుప్రీంకోర్టు 2021లో పేర్కొంది. ఆ మేరకు పోస్టులు మంజూరు చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. భవిత కేంద్రాలు విద్యాశాఖవి, స్క్రీనింగ్ వైద్యశాఖది, పింఛను గ్రామీణాభివృద్ధి శాఖది, అంగన్‌వాడీలు స్త్రీ శిశు సంక్షేమానివి. ఒకే బిడ్డ నాలుగు శాఖల దస్త్రాల్లో ఉంటుంది. ఆ బిడ్డకు ఈ వారం శిక్షణ అందిందా లేదా అన్నది చూసే బాధ్యత మాత్రం ఏ ఒక్కరిదీ కాదు.

కోర్టు గెలిపించలేదు.. ఒత్తిడి గెలిపించింది

ఈ పోరాటం మన దేశానికే పరిమితం కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో కొందరు తల్లిదండ్రులు తమ పిల్లల ప్రవర్తనా శిక్షణ ఖర్చును ప్రభుత్వమే భరించాలని కోర్టుకెక్కారు. ‘ఆటన్’ కేసుగా అది ప్రసిద్ధం. 2000లో కింది కోర్టులో, 2002లో అప్పీలు కోర్టులో గెలిచారు. 2004 నవంబరు 19న కెనడా సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో దాన్ని తిరగరాసింది. ఏయే సేవలకు ప్రజాధనం వెచ్చించాలో తేల్చాల్సింది చట్టసభలేనని, అక్కడి చట్టం ఆ చికిత్సకు హామీ ఇవ్వలేదని తేల్చి చెప్పింది.

కథ అంతటితో ముగియలేదు. వ్యాజ్యం సాగిన కాలంలోనే ఆ రాష్ట్రం నిధులివ్వడం ప్రారంభించింది. తీర్పు తమకు అనుకూలంగా వచ్చిన తర్వాత కూడా వెనక్కు తీసుకోలేకపోయింది. 2010 నుంచి ఆరేళ్ల లోపు చిన్నారికి ఏడాదికి 22,000 కెనడా డాలర్ల వరకు, ఆపై వయసు వారికి 6,000 డాలర్ల వరకు అందించింది. కోర్టులో ఓడిన తల్లిదండ్రులు ప్రజాభిప్రాయంలో నెగ్గారు.

అమెరికాలో మార్గం వేరు. అక్కడి తల్లిదండ్రులు రాష్ట్రాల చట్టసభలను ఒక్కొక్కటిగా ఒప్పించారు. 2001లో ఇండియానాతో మొదలై, 2019 నాటికి 50 రాష్ట్రాల్లోనూ బీమా కంపెనీలు ఆటిజం చికిత్సకు చెల్లించాలన్న నిబంధనలు వచ్చాయి. పేదల కోసం ఉన్న ప్రభుత్వ వైద్య పథకమూ 21 ఏళ్ల లోపు వారికి అవసరమైన ఆటిజం సేవలను భరించాలని 2014లో అక్కడి కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు స్పష్టం చేసింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ నిబంధనల వల్ల ప్రయోజనం పొందుతున్నారు. వారి బంధువుల పిల్లలకు ఇక్కడి పల్లెల్లో ఆ వెసులుబాటు లేదు.

ఈ రెండు ఉదాహరణలూ చెప్పేది ఒక్కటే. కోర్టు తీర్పు తలుపు తెరవవచ్చు, తెరవకపోవచ్చు. నిధులు మాత్రం చట్టసభలో, బడ్జెట్ పద్దులోనే పుడతాయి. కెనడా తల్లిదండ్రులకు లేని బలం మన తల్లిదండ్రులకు ఉంది. మన చట్టంలో ఉచిత వైద్యం అన్న మాట రాసి ఉంది. దాన్ని పద్దుగా మార్చడమే మిగిలింది.

నిపుణులు లేరన్నది నిజమే.. కానీ

ప్రభుత్వం వైపు నుంచి వినిపించే వాదనలను తోసిపుచ్చలేం. నిధులు పరిమితం. అర్హులైన థెరపిస్టులు నగరాలు వదిలి రారు. ఏ చికిత్స ఎంత ఫలితమిస్తుందో తేల్చకుండా బిల్లులు చెల్లిస్తే నకిలీ కేంద్రాలు పుట్టుకొస్తాయి. ఇవన్నీ ఆలోచించాల్సినవే.

వీటికి సమాధానాలూ ఉన్నాయి. గోవాలోనూ, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో జరిగిన పరిశోధన ఫలితాలు ‘లాన్సెట్ సైకియాట్రీ’ పత్రికలో వెలువడ్డాయి. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వారి ద్వారా తల్లిదండ్రులకు బిడ్డతో ఎలా మాట కలపాలో, ఎలా ఆడించాలో నేర్పించారు. తల్లిదండ్రుల తీరు మెరుగుపడింది. పిల్లలు తమంతట తాము పలకరించే సందర్భాలు పెరిగాయి. అన్ని లక్షణాలూ పోయాయని ఆ పరిశోధకులు చెప్పలేదు. కానీ నిపుణుడు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదని అది నిరూపించింది. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఊరూరా ఉన్న మన రాష్ట్రానికి ఇది సరిగ్గా సరిపోయే మార్గం. అయితే వారి నెత్తిన ఇప్పటికే ఉన్న పనులకు తోడు దీన్ని ఊరికే మోపడం న్యాయం కాదు. పారితోషికం కూడా పద్దులో ఉండాలి.

ఇక నిధుల విషయంలో మన ఆరోగ్యశ్రీలోనే దారి చూపే ఉదాహరణ ఉంది. పుట్టు చెవుడు ఉన్న చిన్నారులకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సతో పాటు, ఆ తర్వాత వినడం, మాట్లాడడం నేర్పే శిక్షణను కూడా ఆ పథకం పరిధిలోకి తెచ్చారు. మాట నేర్పడం కూడా చికిత్సేనని, దానికి సిట్టింగుల లెక్కన చెల్లించవచ్చని ప్రభుత్వం అప్పుడే ఒప్పుకున్నట్టు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. పరిమితి పెరిగినా జాబితాలో చోటు లేని చికిత్సకు రూపాయి కూడా రాదు. ఆటిజం పిల్లలకు కావాల్సింది పరిమితి పెంపు కాదు, జాబితాలో ఒక వరుస.

చేయాల్సిందేమిటి?

మొదటిది, జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలలను వినియోగించుకోవాలి. పిల్లల వైద్యం, మానసిక వైద్యం విభాగాలు అక్కడ ఎలాగూ ఉంటాయి. వాటికి అనుబంధంగా పూర్తి సిబ్బందితో సత్వర చికిత్సా కేంద్రం నడపడం అసాధ్యమేమీ కాదు.

రెండోది, ఆ కేంద్రం నుంచి థెరపిస్టు నిర్ణీత రోజుల్లో మండల కేంద్రానికి రావాలి. ముస్తాబాద్ వంటి చోట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ, భవిత కేంద్రంలో గానీ ఒక గది చాలు. తల్లి అరపూటలో ఇంటికి తిరిగి రాగలగాలి.

మూడోది, కాక్లియర్ తరహాలో ఆరేళ్ల లోపు ఆటిజం పిల్లల శిక్షణకు ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ రూపొందించాలి. భారత పునరావాస మండలిలో నమోదైన నిపుణులున్న కేంద్రాలకే చెల్లించాలి. ముందుగా డబ్బు కట్టించే పద్ధతి ఉండకూడదు.

నాలుగోది, గుర్తించిన ప్రతి బిడ్డకూ ఒకే దస్త్రం, ఒకే బాధ్యుడు ఉండాలి. ఎన్ని సిట్టింగులు అందాయో కలెక్టర్ సమీక్షలో ఏటా కాదు, నెలనెలా తేలాలి.

ఐదోది లెక్క. చట్టం కోరినట్టు పిల్లల సర్వే జరగాలి. లెక్కలో లేనివారికి పద్దు ఉండదు.

ఇందులో తల్లిదండ్రుల వంతు కూడా ఉంది. జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణికి ఎవరి అర్జీ వారు పట్టుకుని వెళ్తారు. ధ్రువపత్రం రాలేదనో, పింఛను ఆగిందనో రాసిస్తారు. అది ఒక ఇంటి సమస్యగా నమోదై, ఒక ఇంటి సమస్యగానే పరిష్కారమవుతుంది. లేదా పెండింగులో పడుతుంది. ‘మా మండలంలో మా పిల్లలకు శిక్షణ కేంద్రం కావాలి, 25వ సెక్షన్ ప్రకారం ఇవ్వండి’ అని పది కుటుంబాలు కలిసి ఒకే అర్జీ ఇస్తే దాని తూకం వేరు. ఆ కాగితం శాసనసభ్యుడి దగ్గరికి, అక్కడి నుంచి బడ్జెట్ చర్చకు వెళ్లగలదు. 1995లో జాబితాలో చోటు దక్కని ఆటిజం 2016లో చేరింది కూడా ఇలా కలిసి అడిగినవారి వల్లే.

పింఛను బిడ్డ కడుపు నింపడానికి సాయపడుతుంది. మాట నేర్పదు. నేర్పాల్సిన వయసు ఆరేళ్లు దాటాక ఎంత ఖర్చు పెట్టినా ఆ కాలం తిరిగి రాదు. ప్రభుత్వం ఈ ఖర్చును వాయిదా వేసిన కొద్దీ ఆ భారం జీవితకాలపు పింఛనుగా, తల్లి కోల్పోయిన కూలిగా, పెద్దయ్యాక తోడు లేని మనిషిగా సమాజం మీదే పడుతుంది. పాలకులు దీన్ని దయతో చేసే సాయంగా కాక, చట్టం మోపిన బాకీగా చూడాలని తల్లిదండ్రులు కోరుకోవడంలో న్యాయముంది.